చక్రం దగ్గరి నంబరు

షెడ్డు, కార్లు కడిగే చోటు

అక్కా,

ఫోన్ ఎత్తలేదని కోపం పెట్టుకోకు. పక్కన నాన్న ఉన్నాడు. లేకపోయినా ఎత్తేవాణ్ణి కాదేమో. ఫోన్లో మాట్లాడాలంటే నాకు నోరు రాదు, నీకు తెలుసు కదా. రాయమంటే రాస్తా. చిన్నప్పుడు నువ్వే నేర్పావు, ఉత్తరం అంటే పైన ఎక్కణ్ణుంచో రాయాలి, కింద ఎవరికో రాయాలి, ఆ తర్వాతే కబుర్లు అని. బడి మానేసినా అదొక్కటి గుర్తుంది. మిగతాది ఏం గుర్తులేదు.

ఇక్కడ అంతా మామూలే. కార్లు వస్తాయి, కడుగుతా, వెళ్తాయి. అన్నీ ఆ ఒక్క కంపెనీ రేసు కార్లే. రంగు మీద గీత పడకూడదని నాకు గుండీల్లేని చొక్కా ఇచ్చారు. నాన్న గోడకి అవతల రోలర్ దగ్గర. కారుని బెల్టులతో కట్టేసి, కదలకుండానే పరిగెత్తించి, పవర్ ఎంతో కొలుస్తాడు. నీకు చెప్పేదేముందిలే.

వేళకి తింటున్నావా అని అమ్మ అడగమంది. నాన్న ఏం అడగమనలేదు.

తమ్ముడు


టైర్ల షాపు, పైన గది

ఒరేయ్ చిన్నోడా,

తింటున్నానని అమ్మకి చెప్పు. నాన్న అడగమనలేదని విడిగా రాయడం ఎందుకురా, నేనేమైనా ఎదురు చూస్తున్నానా? ఆ రోజు షెడ్డులో నాన్న అన్న మాట నేనింకా మర్చిపోలేదు. బెల్టులు విప్పకముందే కారు కదిపానని, బంపర్ ఊడొచ్చిందని, అందరి ముందూ "నీ చేతికి తాళం ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ" అన్నాడు. రమ్మని చెయ్యి ఊపింది ఎవరంట? ఆయనే. అది ఎవరికీ గుర్తులేదు.

సరే, అసలు సంగతి విను. మీ షెడ్డు కంపెనీవాళ్ళే ఇక్కడ కొత్త షోరూం తెరుస్తున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపి చూపించే పని ఒకటి ఉంది. నాకు అది కావాలి. ఇలా గట్టిగా కావాలి అనుకుని చాలా కాలమైంది. టైర్లు దొర్లించీ దొర్లించీ చేతులు చూస్తే నాకే భయమేస్తోంది.

ఇంటర్వ్యూలో ఐదు మోడళ్ళూ వరసగా చెప్పమంటారట. దేని పవర్ ఎంత, దానికీ దీనికీ తేడా ఎంత, ఏది ఎవరికి సరిపోతుంది, ఇలా. నెట్లో చూశా. ఒక్కోచోట ఒక్కో అంకె. ఎక్కువ చోట్ల కనపడ్డవి రాసుకున్నా గానీ నమ్మకం లేదు. నాన్నని అడుగు. నాన్న నోట్లోంచి వచ్చిన అంకైతే ఇంకెవరు కాదన్నా వినను. నేను అడిగానని మాత్రం చెప్పకు. చెప్పావో, చెవి మెలిపెట్టడానికి బస్సెక్కి వస్తా.

అక్క


షెడ్డు, కడిగే చోటు, నీళ్ళ పంపు పక్కన

అక్కా,

లేటయింది. మొదట రెండుసార్లు నాన్న దగ్గరికి వెళ్ళి నీళ్ళు నమిలి వచ్చేశా. ఏంట్రా అన్నాడు, ఏం లేదన్నా. తర్వాత అడిగా. కొన్నాళ్ళు ఆగమన్నాడు. ఇప్పుడు చెప్పాడు. నీ పేరు నేను ఎత్తలేదు.

చిన్నది 260. రెండోది 338. వెనక రెక్క ఉన్నది 440. నాలుగు తలుపులది 430. కరెంటుది 700.

ఇవన్నీ గుర్రాల లెక్క. మన పాత స్కూటర్ ఏడు గుర్రాలంట. మరి ఏడు గుర్రాలుంటే అది ఊరి మిట్ట ఎక్కేటప్పుడు మనల్ని దిగమని ఎందుకనేదో.

నాకు అంకెలు అంత తెలీదు గానీ బకెట్ తెలుసు. నా బకెట్ రోలర్ గోడకి ఇవతల ఆనించి ఉంటుంది. చిన్నది పరిగెత్తితే నీళ్ళ మీద సన్న గీతలు పడతాయి, దువ్వెనతో దువ్వినట్టు. రెండోదానికి గీతలు గుండ్రంగా తిరుగుతాయి. రెక్కలదైతే నీళ్ళు అంచు దాటి నా కాళ్ళ మీద పడతాయి, చెవుల్లో అరగంట దాకా జోరీగ. నాలుగు తలుపులది పెద్దమనిషి, అంత బరువు ఉండి కూడా నీళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకుంటాయి. కరెంటుది ఎక్కించినప్పుడు నీళ్ళు కదల్లేదు. నురగ కూడా కదల్లేదు. ఇంకా మొదలెట్టలేదేమో అనుకున్నా. వెళ్ళి చూస్తే అయిపోయింది, తెర మీద 700. అన్నిట్లో ఎక్కువ దానికే. నాకు నచ్చలేదు. అంత ఉన్నవాడు కొంచెమైనా చప్పుడు చెయ్యాలి కదా.

నాన్న ఇప్పుడు రోలర్ దగ్గర లేడు. చక్రాలు విప్పే దగ్గర వేశారు. మేస్త్రీ ఇష్టం.

తమ్ముడు


టైర్ల షాపు, పైన గది

చిన్నోడా,

నోట్లో నాలుక లేదు గానీ వేళ్ళల్లో ఉందిరా నీకు. ఆ బకెట్ ముక్క ఇంటర్వ్యూలో నా సొంతం అన్నట్టు చెప్పేస్తా, తర్వాత గొడవ పెట్టుకోకు.

నాన్న అంకెలకీ నెట్ అంకెలకీ పొంతనే లేదు. నావన్నీ కొట్టేశా. టైర్లు తుడుస్తూ నాన్నవే బట్టీ పట్టా. చిన్నదానికీ రెండోదానికీ తేడా 78. రెక్కలదానికీ నాలుగు తలుపులదానికీ తేడా పదే, పైగా రెక్కలదే ఎక్కువ. తలుపులు ఎక్కువున్నంత మాత్రాన పవర్ ఎక్కువుంటుందనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి. నాకే ముచ్చటేసింది. షాపు ఓనరు నేను గొణుక్కోవడం చూసి జ్వరమా అన్నాడు.

రోలర్ దగ్గర్నుంచి నాన్నని తీసెయ్యడం ఏంటి? ఆయన తప్ప ఇంకొకళ్ళు ఆ తెర ముందు కూర్చోవడం నేను చూడలేదు. ఏమైంది?

అక్క


షెడ్డు

అక్కా,

ఏం కాలేదు. ఇంటర్వ్యూ బాగా చెయ్యి.

తమ్ముడు


టైర్ల షాపు కాదు, బస్టాప్ బల్ల

తమ్ముడూ,

అయిపోయింది. చెప్తా విను, తర్వాత నీ అభిప్రాయం కూడా చెప్పు, ఎప్పట్లా నేల చూపులు చూడకు.

షోరూం మేనేజర్ మేడం కంపెనీ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. పక్కన టై కట్టుకున్న కుర్రాడు. ఐదు కార్లూ గాజు కింద బొమ్మల్లా నిలబెట్టి ఉన్నాయి. మొదలుపెట్టమ్మా అంది. చిన్నది 260 అన్నా. ఆవిడ తల ఎత్తింది. రెండోది 338 అన్నా. "మా దగ్గర అలాంటి కారు లేదమ్మా" అంది. నేను ఆగానా? ఆగితే నేనెందుకవుతా? రెక్కలది నాలుగు తలుపులదానికంటే పది ఎక్కువ అని ఆవిడతో వాదన పెట్టుకున్నా. "మా నాన్న చెప్పాడు" అని కూడా అన్నాను రా. ఆ కుర్రాడు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మేడం పుస్తకం నావైపు తిప్పింది. 300. 390. 510. 530. 760. నేను మొదట రాసుకుని కొట్టేసిన అంకెలు, మొత్తం అవే. రెక్కలదే తక్కువ.

ఒకటి తప్పితే నాన్నకి వయసొచ్చింది, మర్చిపోయాడు అనుకుంటా. ఐదుకి ఐదూ తప్పితే ఏమనుకోవాలి? నువ్వు చెప్పకపోయినా నాకోసమే అని ఆయన పసిగట్టి ఉంటాడు. నీకెందుకు ఆ అంకెలు, బకెట్లో పోసుకోవడానికా? నా చేతికి మళ్ళీ తాళం రాకూడదు, అంతే ఆయనకి. అందరి ముందూ ఒకసారి గాలి తీసింది చాలలేదు.

మేడం జాలిపడి నెలాఖరులో ఇంకోసారి రమ్మంది. వెళ్తానో లేదో తెలీదు. ముందు నువ్వు నాన్నని అడుగు. కావాలనే చేశాడా? అవునంటే నేనిక ఆ గడప తొక్కను, అమ్మకి కూడా అదే చెప్పు.

అక్క


షెడ్డు, కడిగే చోటు

అక్కా,

అడిగా. ఎలా అడిగానో చెప్తా.

నాన్న కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళే కనపడుతున్నాయి. మొహం లేకపోతే నాకు కొంచెం ఈజీ. కాళ్ళతోనే మాట్లాడా.

"నాన్నా, ఆ నంబర్లు తప్పంట."

"ఏ నంబర్లు?"

"ఐదు కార్లవి."

"తప్పని ఎవరన్నారు?"

"కంపెనీ పుస్తకం."

"పుస్తకంలో ఎంతుంది?"

చెప్పా. కింద నుంచి నవ్వో దగ్గో వినపడింది.

"అది ఇంజన్ దగ్గర కొలిచిందిరా. వాళ్ళు ఇంజన్ని విడిగా బల్లకి బిగించి కొలుస్తారు. మన రోలర్ కొలిచేది చక్రం దగ్గర. మధ్యలో గేర్లు కొంత తింటాయి, షాఫ్టు కొంత తింటుంది, టైరు కొంత తింటుంది. వాటి నోట్లో పడకుండా మిగిలిందే రోడ్డు మీదకొస్తుంది."

"మరి రెక్కలది ఎక్కువెలా అయింది?"

"అది వెనక రెండు చక్రాలకే ఇస్తుంది. నాలుగు తలుపులది నాలుగు చక్రాలకీ పంచాలి. తినే నోళ్ళెక్కువ."

"కరెంటుది?"

"దానికి గేర్లే లెక్కలో లేవు. తినేదెవరు?"

"మరి ఈ సంగతి నాకు చెప్పలేదేం?"

"నీకా?" అన్నాడు. "నీకోసం అడిగావా నువ్వు?"

నేను ఆయన చెప్పుల మీది గ్రీజు చూస్తూ నిలబడ్డా.

"అది ఈ షెడ్డులో పెరిగిన పిల్ల. ఆ మాత్రం దానికి తెలీదా అనుకున్నా."

"తెలీదంట. నువ్వు రోలర్ పక్క అద్దాల గదిలోకి అక్కని ఎప్పుడూ రానియ్యలేదు కదా, తెరమీద ఏం పడుతుందో ఎలా తెలుస్తుంది?"

అంత పెద్ద మాట నేను ఎలా అన్నానో నాకే తెలీదు. కాళ్ళు కదల్లేదు. కారు కింద నుంచి చెయ్యి ఒక్కటి బయటికొచ్చింది. "పానా ఇవ్వు" అన్నాడు. ఇచ్చా. అది ఆయనకి కావాల్సిన సైజు కాదు. అయినా తీసుకున్నాడు.

ఇంకొకటి ఉంది. నువ్వు నాన్నకి చెప్పొద్దన్నావు. నాన్న నీకు చెప్పొద్దన్నాడు. మీ ఇద్దరి మధ్య నాకు అసలే లేని నోరు. ఇప్పుడు చెప్పేస్తున్నా.

మొదట అడిగిన రోజు నాన్న "ఎవరికి?" అన్నాడు. నేను నేల వైపు చూశా. తెలిసిపోయింది. "పాత బళ్ళవి గుర్తున్నాయి గానీ ఇప్పుడొచ్చేవి కొంచెం మార్చారు, గుర్తుతో చెప్తే తప్పుపోతుంది" అన్నాడు. ఆ తర్వాత అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఒక్కోరోజు ఒక్కో కారు రోలర్ మీదకి ఎక్కించాడు. బెల్టులు తనే కట్టాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. రెక్కలది వేడెక్కి అంకె తక్కువ చూపించిందని మర్నాడు మళ్ళీ ఎక్కించాడు. బకెట్ కబుర్లన్నీ నేను అప్పుడు చూసినవే.

అవి అమ్మకానికి పెట్టిన కొత్త కార్లు. మేస్త్రీ రాసిన చీటీ లేకుండా రోలర్ మీద పెట్టకూడదు. కరెంటుది ఎక్కించిన రోజు మేస్త్రీ భోజనం మధ్యలో లేచొచ్చాడు. ఎవరు చెప్పారు నీకు, ఎవరికోసం అని అరిచాడు. నాన్న నీ పేరు ఎత్తలేదు. రోలర్ గది తాళం తీసి బల్లమీద పెట్టి చక్రాల వైపు వచ్చేశాడు.

నువ్వు అభిప్రాయం చెప్పమన్నావు. నాకు అభిప్రాయం లేదు. చూసింది రాశా.

తమ్ముడు


టైర్ల షాపు, పైన గది

చిన్నోడా,

చదివా. టైర్ల మీద కూర్చుని ఒకసారి, పైకొచ్చి ఒకసారి.

అద్దాల గదిలోకి నాన్న రానియ్యలేదని నువ్వన్నది తప్పు. నేను కనపడితే కుర్చీ పక్కకి జరిపేవాడు. ఒకటే కుర్చీ కదా, తను లేచి గోడకి ఆనుకునేవాడు. నేనే వెళ్ళలేదు. అంకెలు చూడటం ముసలాళ్ళ పని అనుకునేదాన్ని. నాకు స్టీరింగ్ వెనక కూర్చుంటే చాలు. ఈ ముక్క నాన్నకి చెప్పు. నువ్వు అన్న మాట ఆయన నిజమనుకుని ఉంటాడు.

నాన్న నడుం ఎలా ఉంది? చక్రాలు ఎత్తే పని ఆ నడుంతో ఎలా చేస్తున్నాడు? చక్రం కింద పెట్టుకునే పొట్టి పీట ఉంటుంది, దాని మీదికి దొర్లించమను, ఎత్తొద్దను. నేను చెప్పానని చెప్పినా ఫర్వాలేదు.

ఇంటర్వ్యూకి వెళ్తున్నా.

అక్క


షెడ్డు

అక్కా,

కుర్చీ సంగతి చెప్పా. "ఊ" అన్నాడు. పీట సంగతి చెప్పా. "నాకు తెలీదా" అన్నాడు. సాయంత్రం చూస్తే పీట మీదే దొర్లిస్తున్నాడు.

రోలర్ దగ్గర కొత్తాయన వచ్చాడు. బెల్టులు వదులుగా కడతాడు. నాన్న ఇటునుంచే చూసి పళ్ళు కొరుక్కుంటాడు.

తమ్ముడు


షోరూం, వెనక మెట్లు

చిన్నోడా,

మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. పని ఇచ్చారు. అమ్మతో అరవకుండా చెప్పు, ఆవిడ అరుస్తుంది.

పుస్తకం అంకెలే చెప్పా. 300 నుంచి 760 దాకా, తడుముకోకుండా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చిన్నది, రెండోది ఊళ్ళోనూ బయటా తిరిగేవాళ్ళకి, రెక్కలది చెవుల్లో మోత ఇష్టమైనవాళ్ళకి, నాలుగు తలుపులది పిల్లలున్నవాళ్ళకి, కరెంటుది నలుగురికీ ముందుండాలి గానీ నలుగురికీ వినపడకూడదు అనుకునేవాళ్ళకి. బకెట్ కూడా వాడేశా. మేడం నవ్వింది. అప్పుడు అడిగింది, మొన్న చెప్పిన అంకెలు ఎక్కడివి అని. చక్రం దగ్గర కొలిచినవి, మా నాన్న కొలిచాడు, అన్నా. తెలుసు, అంది. అలాంటి అంకెలు తనూ చూసిందట. "కొనేవాళ్ళకి మాత్రం అవి ఎప్పుడూ చెప్పకు, ఇంటికెళ్ళి ఏడుస్తారు" అంది. తర్వాత చిన్నదాని తాళం నా చేతిలో పెట్టి ఒక చుట్టు నడిపి తెమ్మంది.

నడిపా. ఏం తగల్లేదు, ఏం ఊడలేదు.

ఇది నాన్నకి చదివి వినిపించు, మొత్తం. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. మధ్యలో నువ్వేం తినకు.

అక్క


షెడ్డు, కడిగే చోటు

అక్కా,

అమ్మ అరిచింది.

నాన్నకి ఇక్కడే చదివా. నేను రెక్కలదానికి నురగ పట్టించి ఉన్నా, నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను గట్టిగా చదవలేను కదా, కూడబలుక్కుని చదివా. చిన్నదాని తాళం ఇచ్చారన్న దగ్గర మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివా. ఏం ఊడలేదన్న దగ్గర గుడ్డ అవతల పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు.

ఏమైనా రాయమంటావా అన్నా. ఏముంది రాయడానికి అన్నాడు. వెళ్ళిపోలేదు. బకెట్ తిరగేసి దానిమీద కూర్చున్నాడు. అక్కడ కూడా రోలర్ ఉందా అన్నాడు. తెలీదన్నా. ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, ఆపాడు. ఇంకోటి మొదలుపెట్టాడు, "అది వద్దులే, కొట్టెయ్" అన్నాడు. నేనింకా రాయనేలేదు. చివరికి చెప్పింది ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నా.

"కారు కదిపేముందు దిగి బెల్టులు తనే ఒకసారి చూసుకోమను. ఎవరు చెయ్యి ఊపినా సరే. నేను ఊపినా సరే."

అంతే. అది అనేసరికి కారు మీద నురగ ఎండిపోయి చారలు కట్టింది. మొత్తం మళ్ళీ కడిగా.

నేనేం తినలేదు అక్కా. కానీ ఇది చక్రం దగ్గరి నంబరు. ఇంజన్ దగ్గర ఎంతుందో నువ్వే కలుపుకో.

తమ్ముడు